చనిపోయిన ఏడాది చెక్కని రాయి: అలబామా పల్లెదారుల్లో ఒక మే ఆదివారం

ఈ ప్రయాణానికి కారణం విరిగిన తుంటి ఎముక. నాది కాదు, ఎర్ల్ గారిది. 1983 మొదట్లో నేను బర్మింగ్‌హామ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. మంచు మీద జారిపడి మా వార్డుకొచ్చిన డెబ్బై ఏళ్ల పల్లెటూరి రైతు ఆయన. "ఏ దేశం అమ్మాయ్ మీది?" అని అడిగారు. ఇండియా అన్నాను. అక్కడితో ఆగుతారందరూ. ఈయన మాత్రం "ఇండియాలో ఎక్కడ?" అన్నారు. ఏం అర్థమవుతుందిలే అనుకుంటూనే బాపట్ల వైపని చెప్పాను. అంతే, మంచం మీద లేచి కూర్చోబోయారు! గదమాయించి పడుకోబెట్టాను. "మా చర్చి ఎమ్మా అక్కడికే కదమ్మా వెళ్లింది!" అన్నారు. నా చేతిలో థర్మామీటరు ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను. ఆయన చెప్పే ఎమ్మా, మా ఎమ్మమ్మగారు. మా ఊరి మిషన్ ఆసుపత్రిని ఏళ్ల తరబడి నడిపిన దొరసాని. మా అమ్మ అక్కడే ఆయాగా చేసేది. నేను పుట్టింది ఆవిడ చేతుల్లోకి, నర్సింగ్ చదివింది ఆవిడ పట్టుబట్టబట్టి. 1972లో ఆవిడ పోయినప్పుడు సమాధి దగ్గర పాట పాడినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ తర్వాత ఎర్ల్ గారు చెప్పిన మాటే నన్ను వాళ్ల కౌంటీకి తీసుకెళ్లింది. వాళ్ల చర్చి శ్మశానంలో, ఎమ్మా వాళ్ల కుటుంబం స్థలంలో ఆవిడ పేరుతో ఒక రాయి నిలబెట్టి ఉందట. పేరుంది, పుట్టిన ఏడాది ఉంది, పోయిన ఏడాది చోటు ఖాళీ. చెల్లెలు రూత్ చెక్కనివ్వదు. "పోయిందని తెలుసు. మిషన్ వాళ్లు ఉత్తరం రాశారు. కానీ ఆ సమాధిని ఎవరైనా చూసుకుంటున్నారో లేదో చెప్పే మనిషి దొరకలేదు. మా వైపు సమాధి మీద గడ్డి మొలిచిందంటే ఆ మనిషికి నా అన్నవాళ్లు లేరని అర్థం. దిక్కులేకుండా పడుందేమో తెలియకుండానే రాయి పూర్తి చేయించి చేతులు దులుపుకోనా అంటుంది రూత్. ఎనభై దాటింది. ఇంకెన్ని మే నెలలు చూస్తుంది? నువ్వొచ్చి చెప్పమ్మా" అన్నారు. అక్కడ మే నెలలో ఒక ఆదివారం అందరూ పూర్వీకుల సమాధులు బాగుచేసి పూలు పెడతారు. డెకరేషన్ ఆదివారం అంటారు. మనవాళ్లు నవంబరులో చేసుకునే సమాధుల పండుగే, నెల వేరు. వస్తానని మాటిచ్చేశాను.

మా ఆయన ప్రభుదాస్‌కి మ్యాపులంటే ప్రాణం. పాపను పక్కింటావిడకు అప్పగించి ఇద్దరం ఆరు గంటలకల్లా మా పాత స్టేషన్ వేగన్‌లో బయల్దేరాం. ముందురోజే టాంకు నింపితే పదిహేను డాలర్లయింది. డబ్బాలో పులిహోర పెట్టాను. ఆయన ఇంకో సంచీ సర్దుకున్నారు, అందులో ఏముందో అడగలేదు. అడిగుంటే బాగుండేది. ఇంటర్‌స్టేట్ మీద దక్షిణంగా గంటకు పైగా వెళ్లి, అక్కణ్నుంచి రెండు లైన్ల రోడ్డులోకి దిగాలి. దిగగానే ఆయన మ్యాపు పనికిరాకుండా పోయింది. ఎర్ల్ గారు ఫోన్‌లో చెప్పిన దారి ఇలా ఉంది: కోర్టు దాటాక తిన్నగా రండి, చెక్క వంతెన దాటండి, పాత జిన్ను కాలిపోయిన చోట ఎడమకు తిరగండి. "కాలిపోయిన జిన్నుని ఎలా చూడాలి దయా? బూడిద కోసం వెతకాలా?" అన్నారు మా ఆయన. గుంటూరు వైపు పుట్టినవాళ్లకు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు గానీ, లేనిదాన్ని ఆనవాలుగా చెప్పేవాళ్లని నేనూ అప్పుడే చూశాను. ఆ కౌంటీలో అందరూ అలాగే చెబుతారు. ఫలానా ఓక్ చెట్టు కొట్టేసిన మలుపు, ఫలానా స్కూలు ఉండిన మైదానం. బయటివాడు ఏమైపోయినా వాళ్లకు పట్టదు!

ఎనిమిదింటికి కౌంటీ కోర్టు ఉన్న ఊరు చేరాం. నాలుగు వీధుల మధ్య గడియారపు గోపురంతో కోర్టు, దాని ముందు తుపాకీ పట్టుకున్న రాతి సిపాయి, చుట్టూ రంగు వెలిసిన దుకాణాలు. అక్కడక్కడా రోడ్డు పక్కన ఇనుప పలకలు, వాటి మీద ఊరి చరిత్ర. మా ఆయన ప్రతి పలక దగ్గరా కారు ఆపి చదవాల్సిందే. "ఏవండీ, మనం వచ్చింది పలకలు చదవడానికి కాదు" అని నేను అరవాల్సిందే. ఆదివారం కదా, మూలనున్న ఒక్క హోటలు తప్ప అన్నీ మూసేసి ఉన్నాయి. రెండు డాలర్లకు గుడ్లు, బిస్కెట్లని పిలిచే మెత్తటి రొట్టెలు, గ్రిట్స్ పెట్టారు. గ్రిట్స్ ఒక స్పూను నోట్లో పెట్టుకుని, "ఇది మన నూకల జావే కదే! ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటి?" అని మా ఆయన మురిసిపోయి ఇంకో గిన్నె తెప్పించుకున్నారు. వండినావిడ పేరు లోటీ, నల్లజాతి స్త్రీ, నా వయసే ఉంటుంది. జిన్ను గురించి అడిగితే పకపకా నవ్వింది. "నేను చంటిపిల్లగా ఉన్నప్పుడే కాలిపోయింది. ఇటుకల పొగగొట్టం ఒక్కటే మిగిలింది. దాన్ని కుడ్జు తీగ నిలువునా కమ్మేసింది. రోడ్డు పక్కన పచ్చటి ఏనుగు నిలబడినట్టు కనిపిస్తుంది, దాటిపోవడం మీ తరం కాదు."

ఏ చర్చికి వెళ్తున్నామో చెప్పాను. "మావాళ్లూ అక్కడే ఉన్నారు, కంచె అవతల. మా డెకరేషన్ వచ్చే ఆదివారం" అంది. వేరే ఆదివారమా అన్నాను. "వేరే ఆదివారం, వేరే గేటు" అంది కాఫీ పోస్తూ. గొంతులో కోపమేమీ లేదు, వాతావరణం చెబుతున్నట్టే చెప్పింది. మా ఊళ్లో ఊరివాళ్ల శ్మశానం వేరు, మా పేట శ్మశానం వేరు. ఈ సంగతి నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బిల్లు కట్టి బయటికొచ్చాక, బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన దక్షిణాది సైన్యపు ఆ రాతి సిపాయిని ఇంకోసారి చూశాను. మొదటిసారి చూసినంత బాగా అనిపించలేదు.

ఊరు దాటాక దారి చాలా బాగుంటుంది. ఒక పాత కొట్టం రేకుల కప్పంతా తెల్లటి అక్షరాలతో ఎక్కడో ఉన్న గుహల ప్రకటన, ఎర్రమట్టి చేలు, గట్ల మీద పైన్ చెట్లు. చెక్క వంతెన దగ్గర అరగంట ఆగాం, మీరూ ఆగండి. కప్పుతో సహా చెక్కతోనే కట్టారు. లోపలికి వెళ్తే చల్లగా, చీకటిగా, కింద వాగు చప్పుడు. మా కారు వెళ్తుంటే చెక్కలు ఒక్కొక్కటే దడదడలాడాయి. మేకులు తక్కువ, చెక్క చీలలే ఎక్కువని మా ఆయన దూలాలన్నీ తడిమి చూసి తేల్చారు. వంతెన కట్టించిన దొర పేరు పలక మీద ఉంది. కట్టినవాళ్ల పేర్లు లేవు. ఇంకో రెండు మైళ్లకు లోటీ చెప్పిన పచ్చటి ఏనుగు నిజంగానే ప్రత్యక్షమైంది. ఎడమకు తిరిగి ఎర్రమట్టి రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పదింటికి చర్చి చేరాం.

తెల్ల రంగు వేసిన చిన్న చెక్క చర్చి. పక్కనే శ్మశానం. చూడగానే మా ఆయన ముఖం పాలిపోయింది. "అన్నీ కొత్త సమాధులే దయా! ఊళ్లో ఏదైనా జబ్బు తగిలిందా ఏంటి?" నిజమే, ఒక్క గడ్డిపోచ లేదు. నేలంతా గీరి, ఊడ్చి, ప్రతి సమాధి మీదా మట్టి కుప్పగా పోసి, దాని మీద ప్లాస్టిక్ పూలు. చేతికర్రతో ఎదురొచ్చిన ఎర్ల్ గారు విని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "వందేళ్లనాటివీ ఉన్నాయి బాబూ. ప్రతి మే నెలలో పారలతో ఇలా గీరేస్తాం. నేల నున్నగా ఉంటేనే మర్యాద." రూత్ గారు ఇన్నేళ్లుగా దేనికి కుమిలిపోతున్నారో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఆ నేలను చూశాక ఎవరికైనా తెలుస్తుంది.

ఆరాధన అయ్యాక చెట్ల కింద పొడవాటి బల్లలు వేసి వేయించిన కోడి, చిక్కుడు గింజల కూర, అరటిపండు పుడ్డింగు పరిచారు. నా పులిహోర డబ్బా కూడా పెట్టాను. పసుపు రంగు చూసి మొదట ఎవరూ దగ్గరికి రాలేదు గానీ, ఒకావిడ రుచి చూశాక డబ్బా ఖాళీ అయింది. రూత్ గారు చెట్టుకింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. చిన్న మనిషి, తలమీద టోపీ, చేతులకు తెల్ల గ్లవుజులు. ఎర్ల్ గారు పరిచయం చేశారు. నేను దారంతా మనసులో వల్లెవేసుకున్నదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. మీ అక్కగారి సమాధి బాగుంది, మా అన్నయ్య చూసుకుంటున్నాడు, మా ఊరంతా ఆవిణ్ణి తల్లిలా తలుచుకుంటుంది అన్నాను. ఆవిడ చాలా మర్యాదగా విన్నారు. "థాంక్యూ హనీ. పదేళ్లుగా అందరూ నాకు మంచి మాటలే చెబుతున్నారు. మిషన్ వాళ్లు చెప్పారు, పాస్టర్లు చెప్పారు. ఒక్కరూ చూసినవాళ్లు కారు. నువ్వు ఆఖరుసారి ఎప్పుడు చూశావు?" అన్నారు. 1976లో, అమెరికా వచ్చే ముందు అన్నాను. "అదీ ఏడేళ్ల కిందటి మాట. నువ్వు మంచిదానివి. ముసలిదాన్ని బాధపెట్టే మాట నీ నోట్లోంచి రాదు" అని నా చెయ్యి తట్టారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత దూరం వచ్చి చెబితే నమ్మదే! నమ్మకపోతే ఆ రాయి అలాగే ఉంటుంది, ఈవిడ ఈ బెంగతోనే పోతుంది.

సరిగ్గా అప్పుడే శ్మశానంలోంచి కేక వినిపించింది. తిరిగి చూస్తే పొగ. మా ఆయన సంచీలో ఏముందో అప్పుడు తెలిసింది: కొవ్వొత్తులు, అగరొత్తులు, అగ్గిపెట్టె. నేను ఇక్కడ మాట్లాడుతుంటే, ఆయన ప్యాంటు మడిచి ఎమ్మమ్మగారి రాయి ముందు గొంతుక్కూర్చుని, మన పద్ధతిలో నీళ్లు చల్లి, కొవ్వొత్తులు నాటి వెలిగించేశారు. మన దగ్గర సాయంత్రం, బంతిపూల మధ్య వెలిగిస్తాం. ఇక్కడ మిట్టమధ్యాహ్నం, గాలి, చుట్టూ ప్లాస్టిక్ పూలు. పక్క కుటుంబం స్థలంలోని సమాధి మీది పూలగుత్తి భగ్గున అంటుకుంది. ఎర్ల్ గారు ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో ఐస్డ్ టీ జగ్గు పట్టుకుని కుంటుకుంటూ పరుగెత్తి టీ అంతా గుమ్మరించారు. నిమ్మకాయ ముక్కలతో సహా. "బాబూ, అది మా నాన్న సమాధి. ఒకసారి పాతిపెట్టాం, మళ్లీ దహనం చెయ్యక్కర్లేదు!" అన్నారు రొప్పుతూ. కొందరు నవ్వారు, కొందరి మొహాలు మాడిపోయాయి. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మా ఆయన అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని, "సారీ అండీ, సారీ" అని తెలుగులోనే దండాలు పెడుతున్నారు.

రూత్ గారు నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అక్కడికి వచ్చారు. కోప్పడతారనుకున్నాను. ఆవిడ టీలో తడిసిన పూలను చూడలేదు. తన అక్క రాయి ముందు తడిపిన నేలను, వరుసగా నాటిన కొవ్వొత్తులను చూశారు. "ఇలా చెయ్యమని ఎవరు చెప్పారు నీకు?" అన్నారు. మా ఆయన మాట తడబడింది. "ఎవరూ చెప్పలేదమ్మా. నవంబరు రెండున చేసేదే. గడ్డి పీకి, నీళ్లు చల్లి, సున్నం కొట్టి, పూలు పెట్టి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు. మీ అక్కగారికీ అంతే, వేరేగా ఏం చేస్తాం? మా పెళ్లైన ఏడాది వీళ్లన్నయ్య నా చేతికి బకెట్టు ఇచ్చి ఆవిడ సమాధికి సున్నం కొట్టించాడు. కొత్త చొక్కా నాశనమైంది." అది నిజం. ఆ చొక్కా గురించి ఇప్పటికీ మా అన్నయ్యను దెప్పుతూనే ఉంటారు. "గడ్డి మొత్తం పీకుతారా?" అన్నారు రూత్ గారు. "పీకుతామండీ. మిగతా రోజుల్లో మేకలు మేస్తాయి." మేకల మాట ఎత్తినందుకు ఆయన్ని గిల్లాను. అదేం ఖర్మో, ఈయన ఆగలేదు. "ఉప్పెనలో శిలువ విరిగిపోయింది. ఇంకోటి చేయించి సిమెంటుతో నిలబెట్టారు. కాస్త వంకరగా వచ్చిందట." రూత్ గారు కొవ్వొత్తుల మీంచి తలెత్తి ఆయన్ని చూశారు. "వంకరగానా?" అన్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. మేకల గురించీ వంకర శిలువ గురించీ ఓదార్చడానికి ఎవరూ చెప్పరు కదా. ఆవిడ నమ్మారు.

తర్వాత ఒక్కొక్కటే అడిగారు. ఎక్కడ ఉంది, దొరల సమాధుల దగ్గరా? కాదు, వాళ్ల దగ్గర చోటున్నా వద్దని, మా పేట శ్మశానంలో మావాళ్ల మధ్యే పెట్టమని ఎమ్మమ్మగారే చెప్పి పోయారన్నాను. మా పేటంటే ఏమిటో, ఊరి శ్మశానంలో మాకు ఎందుకు చోటు లేదో కూడా చెప్పాను. దాచడానికేముంది? ఆవిడ కంచె వైపు చూశారు. అవతల సమాధులు కూడా కొన్ని నున్నగా గీరి ఉన్నాయి, వచ్చే ఆదివారం కోసం. "అక్కడ ఎవరితో కూర్చుని భోంచేస్తోందో తెలిశాక మా నాన్న దానితో మాట్లాడటం మానేశాడు. నేను ఉత్తరాలు రాసేదాన్ని, కానీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు" అన్నారు. మళ్లీ నా వైపు తిరిగి, "దాని పక్కన ఎవరున్నారు?" అన్నారు.

"మా అమ్మ" అన్నాను.

అమ్మ 1980లో పోయింది. నేను నిండు నెలలతో ఉన్నాను. విమానం ఎక్కనివ్వలేదు. అమ్మను ఎమ్మమ్మగారి పక్కనే పెట్టామని, రెండింటికీ కలిపి సున్నం కొడుతున్నామని అన్నయ్య చెప్పాడు. ఆ చోటు నేనింకా చూడలేదు. మూడేళ్లు డ్యూటీలతో, పాపతో గడిపేశాను, ఎవరి ముందూ ఏడవలేదు. ఆ ఎర్రమట్టిలో, ముక్కూమొహం తెలియని జనం మధ్య, వెక్కి వెక్కి ఏడ్చాను. రూత్ గారు ఎర్ల్ గారిని పిలిచి కారులోంచి పూలు తెప్పించారు. ప్లాస్టిక్‌వి కావు, ఆవిడ తోటలో పూసిన గులాబీలు, పెద్ద గుత్తి. గ్లవుజులు తీసేసి దాన్ని రెండుగా విడదీశారు. ఒక భాగం అక్క రాయి ముందు ఎడమవైపు పెట్టారు, రెండోది కుడివైపు. "మీ అమ్మ పేరేంటి?" అన్నారు. సుందరమ్మ అని చెప్పాను. పలకడానికి చాలాసార్లు ప్రయత్నించి, వచ్చేదాకా వదల్లేదు. "మీవాళ్లు అక్కడ ఎమ్మాని చూసుకుంటున్నారు. సుందరమ్మని ఇక్కడ నేను చూసుకుంటాను" అన్నారు. ఆ తర్వాత ఎర్ల్ గారితో, "రేపు రాయి చెక్కేవాణ్ణి పిలిపించు. ఏడాది వెయ్యమను" అన్నారు.

ఆ వేసవిలోనే ఏడాది చెక్కించారు. రూత్ గారు ఆ తర్వాత కొన్ని మే నెలలు చూశారు. ప్రతిసారీ రెండు గుత్తులు పెట్టి నాకు ఫోన్ చేసేవారు. ఆవిడ పోయాక మేనకోడలు పెడుతోంది. తర్వాత చాలాసార్లు వెళ్లాను. చెక్క వంతెన మీద ఇప్పుడు కార్లను పోనివ్వరు, నడిచి దాటాలి. పొగగొట్టం కూలిపోయింది, తీగ మాత్రం పెరిగింది. కంచె నేను చివరిసారి వెళ్లినప్పటికీ ఉంది, కాకపోతే గేటు తెరిచి ఉంచుతున్నారు. ఒక ఏడాది లోటీ వాళ్ల ఆదివారం నాడు కూడా వెళ్లి వాళ్లమ్మ సమాధి దగ్గర గడ్డి పీకాను. పలకల మీద చదివిన చరిత్ర నాకు పెద్దగా గుర్తులేదు. ఆ నేలను ఏటా గీరే చేతులే గుర్తున్నాయి. మనం పుట్టిన గడ్డకు దూరంగా బతుకుతున్నామని బాధపడినప్పుడల్లా, మా అమ్మకు అలబామాలో కూడా ఒక చోటు ఉందని అనుకుంటాను. అది నాకు చాలా ధైర్యాన్నిస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఆ కౌంటీలో ఒక్కో చర్చికి డెకరేషన్ ఒక్కో ఆదివారం వస్తుంది, కాబట్టి ముందే కనుక్కుని పదింటికల్లా చేరండి. ఎవరైనా చేతికి పార ఇస్తే కాదనకండి. కొవ్వొత్తులు మాత్రం వద్దు. ఎమ్మమ్మగారి రాయి తూర్పు వరుస చివర ఉంటుంది, దాని ముందు రెండు పూలగుత్తులు కనిపిస్తాయి. సర్దుతూ సర్దుతూ, ఒకటి ఎక్కువైందని తీసి పక్కన పడేయకండి. అది మా అమ్మది.